రెండో ఐవీఎఫ్ ఖర్చు తగ్గాలంటే ముందు పాత ఫైలు తీయండి

రెండోసారి ఐవీఎఫ్‌కి (అండాన్ని, వీర్యాన్ని ల్యాబ్‌లో కలిపి పిండం తయారుచేసే చికిత్స) ఎస్టిమేట్ రెండు లక్షలు దాటింది, ఎలా తగ్గించుకోవాలి అని అడిగారు. ప్యాకేజీలో కలిపేసిన అదనాల వల్ల కూడా అంత అయి ఉండొచ్చు. మీ వయసు 31, మీ వారి వీర్యం రిపోర్టు నార్మల్, మొదటిసారి గర్భం నిలవలేదు అని రాశారు కదా, దాన్ని బట్టి చెబుతున్నాను.

1. చాలామంది వదిలేసేది ఇదే. మొదటి సైకిల్ ఫైల్లో ఎంబ్రియాలజీ షీటు ఉంటుంది. ఎన్ని పిండాలు తయారయ్యాయి, ఎన్ని లోపల పెట్టారు, ఎన్ని ఫ్రీజ్ చేశారు అన్నవి అందులో విడివిడిగా రాస్తారు. ఫైల్లో లేకపోతే అడిగి కాపీ తీసుకోండి. ఒక్క మంచి పిండం ఫ్రీజర్లో ఉన్నా ముందు దాన్నే పెట్టించుకోవచ్చు. అప్పుడు అండాల కోసం ఇంజెక్షన్లు, వాటిని తీసే ప్రొసీజర్, మత్తు ఏవీ అక్కర్లేదు. ఖర్చులో పెద్ద భాగం అక్కడే పోతుంది.

2. ఇక్సీ (ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని సూదితో ఎక్కించే పద్ధతి) ఎందుకని అడగండి. వీర్యం బాగుంటే మామూలు ఐవీఎఫ్ కంటే దానివల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరగదు. పోయినసారి అండాలు ఫలదీకరణ కాకపోయి ఉంటే మాత్రం అవసరమే.

3. స్క్రాచింగ్ (పిండం పెట్టే ముందు గర్భాశయం లోపలి పొరను కాస్త గీకడం) ఉంటే తీసేయమనండి. 2019లో వచ్చిన పెద్ద అధ్యయనంలో దానివల్ల లాభం కనబడలేదు.

4. ఫ్రీజ్ చేసిన పిండం లేక కొత్త సైకిల్ తప్పకపోతే, అండాలు పెరగడానికి ఇచ్చే రీకాంబినెంట్ (ల్యాబ్‌లో తయారుచేసిన హార్మోన్) ఇంజెక్షన్ల బదులు హెచ్‌ఎంజీ (మూత్రం నుంచి తీసి శుద్ధిచేసిన హార్మోన్) కుదురుతుందేమో డాక్టర్‌ని అడగండి. ఫలితాలు దాదాపు ఒకటే, ధర తక్కువ.

డోసులు, స్కాన్లు మాత్రం సొంతంగా తగ్గించుకోకండి.