పర్లాకిమిడిలో వృద్ధాశ్రమం పెడుతున్న మా మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మీ అత్త ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాన్ చూశాను. మన పాత ఇంటి పెరట్లో రెండంతస్తులు లేపి, అంతస్తుకో హాలు, హాలుకి ఇరవై మంచాలు అన్నావు. పర్లాకిమిడిలో పిల్లలు దూరంగా ఉన్న ముసలివాళ్ళకి ఒక నీడ కావాలన్న నీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. కానీ నువ్వు గీయించింది ఆసుపత్రి వార్డు. బరంపురంలో నర్సుగా, రిటైరయ్యాక ఒక హోమ్‌లో మేట్రన్‌గా ఏళ్ళ తరబడి చూసినదాన్ని కాబట్టి స్లాబు పడకముందే చెబుతున్నాను.

ఆ హాళ్ళను చిన్న చిన్న ఇళ్ళుగా విడగొట్టు. ఇంటికి ఎనిమిది మంది, మహా అయితే పది మంది. అమెరికాలో బిల్ థామస్ అనే డాక్టరు ఇదే పద్ధతి మొదలుపెట్టాడు. ఆయన ఆలోచనతో 2003లో మిసిసిపీ రాష్ట్రంలోని టుపెలోలో మొదటి ఇళ్ళు వచ్చాయి. గ్రీన్ హౌస్ అంటారు వాటిని. పది పన్నెండు మందికి ఒక ఇల్లు, ఎవరి గది వాళ్ళది, మధ్యలో అందరికీ కనబడే వంటగది. వండేవాళ్ళు, స్నానం చేయించేవాళ్ళు, పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాళ్ళు అంతా ఒకే మనుషులు. మన 2007 నాటి వయోవృద్ధుల చట్టంలో జిల్లాకి కనీసం ఒక ఆశ్రమం, అందులో 150 మంది నిరుపేదలకు చోటు అని రాశారు. అది ప్రభుత్వం పెట్టే వాటి లెక్క. అక్కడైనా అందరినీ ఒకే హాల్లో పడుకోబెట్టమని ఎవరూ అనలేదు.

వంటగది కనబడాలని పట్టుబడుతున్నానంటే కారణం ఉంది. మతిమరుపు జబ్బు వచ్చినవాళ్ళకి చాలాసార్లు ఆకలి వేస్తున్నదీ తెలియదు. పోపు వాసన తగిలితే లేచి వస్తారు. గోంగూర ఒలవడానికి, చిక్కుడుకాయల ఈనెలు తీయడానికి చేతులు వాటంతట అవే కదులుతాయి.

అసలు మాట ఇక్కడే ఉంది. ముసలివాళ్ళ చేతిలో పని, వాళ్ళ రోజు మీద వాళ్ళకే పెత్తనం ఉండాలి. నేను చూసిన ఒక హోమ్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకే అందరినీ లేపి, వరసగా స్నానాలు చేయించేవారు. ఎందుకంటే ఆరింటికి రాత్రి ఆయాల డ్యూటీ అయిపోతుంది. చలికాలంలో తడి తలలతో, చెప్పుకోను మనిషి లేక ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్ళను తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. నీ దగ్గర డ్యూటీలు వాళ్ళ నిద్రను బట్టి వెయ్యి. ఎప్పుడు లేవాలో, టీ ఎప్పుడు తాగాలో, తలుపు గడియ వేసుకోవాలో వద్దో వాళ్ళనే తేల్చుకోనీ. 1970లలో అమెరికాలో కనెటికట్‌లోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే ఇద్దరు ఒక పరిశీలన చేశారు. ఒక అంతస్తు వాళ్ళకి తలో మొక్క ఇచ్చి, దాని బాగోగులూ మీ గది సంగతులూ మీవే అన్నారు. ఇంకో అంతస్తు వాళ్ళకీ మొక్కలిచ్చారు, నీళ్ళు మాత్రం నర్సులే పోస్తారన్నారు. తమ పని తాము చూసుకున్నవాళ్ళే ఎక్కువ చురుగ్గా, హాయిగా కనిపించారు.

బరంపురంలో మా దగ్గర ఒక నేతగాళ్ళ ఇంటి ముసలమ్మ ఉండేది. సాయంత్రమైతే చాలు, "ఇంటికెళ్ళాలి" అని గేటు పట్టుకుని ఏడ్చేది. మందు డోసు పెంచుదామా అన్న మాట కూడా వచ్చింది. ఆమె కోడలు ఒకరోజు పాత రాట్నం తెచ్చి ముందు పెట్టింది. ఆ తల్లి నూలు కొసను వేళ్ళతో తడిమి, నాలుకతో తడిపి, కండె చుట్టడం మొదలుపెట్టింది. మధ్యలో నూలు తెగితే, చూపు సరిగా ఆనకపోయినా, బొటనవేలితో నలిపి ముడి వేసింది. ఆ తర్వాత రోజూ నాలుగింటికి రాట్నం బయటికి వచ్చేది, ఆ ఏడుపులు చాలా తగ్గాయి. చేర్చుకునే రోజునే ఎవరు ఏ పని చేసి బతికారో, ఏ కూర ఇష్టమో, దేనికి భయపడతారో ఒక నోటుబుక్కులో రాయించు. బీపీ, షుగర్ చీటీ కన్నా ముందు ఆయాలు ఆ పుస్తకం చదవాలి.

మనది ఆంధ్ర సరిహద్దులోని ఒడిశా ఊరు కాబట్టి ఇంకో సంగతి ఉంది, భాష. మతిమరుపు ముదిరేకొద్దీ చాలామందికి తర్వాత నేర్చుకున్న భాష జారిపోయి చిన్ననాటిది మిగులుతుంది. జీవితమంతా ఆఫీసులో ఒడియా మాట్లాడిన ఒక పెద్దాయన రాత్రి తెలుగులో మంచినీళ్ళు అడిగాడు. ఆయాకి అర్థం కాలేదు. ఆయన గట్టిగా అరిచాడు, గొడవ చేస్తున్నాడని నిద్రమాత్ర వేశారు. నీ దగ్గర తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ ఉంటారు, కొండ ఊళ్ళ నుంచి సవరవాళ్ళూ వస్తారు. ప్రతి షిఫ్టులో ఈ భాషలు తెలిసిన మనిషి ఉండేట్టు చూడు. జీతం ఒక వెయ్యి ఎక్కువైనా సరే.

నెదర్లాండ్స్‌లోని డెవెంటర్‌లో హ్యుమానిటాస్ అనే హోమ్ కాలేజీ పిల్లలకి అద్దె లేకుండా గదులిస్తుంది. బదులుగా వాళ్ళు నెలకి 30 గంటలు పెద్దవాళ్ళతో గడపాలి. మన గజపతి కాలేజీలో చదివే కొండ ఊళ్ళ పిల్లలు గదుల కోసం ఎంత తిరుగుతారో నీకు తెలుసు. ఇంటికో గది అలా ఇవ్వు, సవర మాట్లాడే గొంతు కూడా ఇంట్లో ఉంటుంది. అయితే మలమూత్రాల పని వాళ్ళ మీద పెట్టకు, అది జీతమిచ్చి చేయించాల్సిన పని.

ఎత్తైన ప్రహరీ అన్నావు, అది వద్దు. నెదర్లాండ్స్‌లోనే వేస్ప్ అనే ఊళ్ళో మతిమరుపు ఉన్నవాళ్ళ కోసం హోగెవేక్ అని ఒక పేటనే కట్టారు, 2009లో. కొట్టు, హోటలు, వీధి అన్నీ కొత్తగా కట్టుకోవాల్సి వచ్చింది వాళ్ళకి. నీకు వీధి ఎదురుగానే ఉంది. కిరాణా కొట్టు, టీ బడ్డీ, గుడి ఉన్నాయి. వాళ్ళందరి దగ్గరికీ నువ్వే వెళ్ళి, మావాళ్ళెవరైనా ఒంటరిగా కనబడితే కూర్చోబెట్టి ఫోన్ చేయండని చెప్పు. వీధి అరుగు మాత్రం కూల్చకు. ఒక పక్క నుంచి ర్యాంపు పెట్టు, అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. గడప లేకపోతే ఇల్లేమిటని మీ అమ్మ అంటుంది. వీధి గుమ్మం దగ్గర రాతిని నేలమట్టానికి దింపించి దానికే పసుపు రాసి బొట్లు పెట్టండి. లోపలి గుమ్మాలకి మాత్రం ఎత్తు గడపలు వద్దే వద్దు.

బాత్‌రూముల్లో గరుకు టైల్స్. తెల్ల కమోడ్ వెనక ముదురు రంగు గోడ, లేకపోతే మసక చూపుకి ఆనదు. పట్టుకునే రాడ్డు మనిషి బరువు ఆపాలి, తువ్వాలు వేసుకునే రాడ్డు ఊడి వస్తుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు కరెంటు లేక మన జిల్లా ఎలా అల్లాడిందో మరిచిపోకు. మంచం పట్టినవాళ్ళకి ఒంటికి పుండ్లు పడకుండా వేసే గాలి పరుపులు కరెంటు పోతే పనిచేయవు. ఇన్వర్టరుతో పాటు మందపాటి ఫోమ్ పరుపులు ఉంచు, రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం ఆయాలందరికీ నేర్పించు. నేనే వచ్చి నేర్పుతాను. కదల్లేనివాళ్ళను కింది అంతస్తులోనే ఉంచు, కానీ వంశధారకో మహేంద్రతనయకో వరదొస్తే పైకి ఎలా మోస్తారో ఇప్పుడే మేస్త్రీతో కూర్చుని తేల్చు. మెట్లు స్ట్రెచర్ తిరిగేంత వెడల్పు ఉండాలి.

మార్చిన ప్లాన్ ఫోన్లో కాకుండా కాగితం మీద పంపు, ఫోన్లో అంకెలు నాకు కనబడటం లేదు. గుమ్మాల వెడల్పు, బాత్‌రూము కొలతలు విడిగా రాయించు. అవి చూశాక బరంపురంలో పనికి వచ్చే ఇద్దరు ఆయాలతో మాట్లాడతాను.

ఇట్లు,
మీ అత్త,
బరంపురం