అమ్మ మతిమరుపు, రాత్రి ఊపిరి

ప్రశ్న: మా అమ్మకు 66 ఏళ్లు. పలాస దగ్గర జీడిపిక్కల బట్టీలో చాలా ఏళ్లు పనిచేసింది. ఇంట్లోనూ కట్టెల పొయ్యే. అయిదేళ్ల కిందట సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) అన్నారు. నిద్రలో గట్టిగా గురక పెడుతుంది, మధ్యమధ్య ఊపిరి ఆగినట్టుంటుంది. ఏడాదిగా మతిమరుపు ఎక్కువైంది. మతిమరుపు జబ్బును రక్తంలోనే పసిగట్టే పరీక్ష వచ్చిందని విన్నాం. విశాఖ తీసుకెళ్లి చేయించమంటారా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, మీరు విన్నది నిజమే. అల్జీమర్స్‌కు సంబంధించిన టావ్ 217, అమైలాయిడ్ అనే ప్రోటీన్ల నిష్పత్తిని రక్తంలో కొలిచే పరీక్షకు 2025 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. అయితే అది 55 ఏళ్లు దాటి, మతిమరుపు లక్షణాలున్న వారికి, నిపుణుల పర్యవేక్షణలో, ఇతర పరీక్షలతో కలిపి చూడవలసినదే తప్ప, దానంతట అదే రోగ నిర్ధారణ చేసేది కాదు. నాడీతంతువులు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి చేరే న్యూరోఫిలమెంట్ అనే మరో సూచిక కూడా ఉంది. అది పెరిగితే నష్టం జరుగుతోందని తెలుస్తుంది గానీ, ఏ జబ్బు వల్లో తెలియదు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్న వారిలో ఇలాంటి సూచికలు పెరిగినట్టు కొన్ని అధ్యయనాలు చూపాయి, కానీ ఫలితాలన్నీ ఒకేలా లేవు.

మీ ప్రాంతం వారికి ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మూత్రపిండాల పనితీరు తగ్గితే టావ్, న్యూరోఫిలమెంట్ రెండూ మెదడు జబ్బుతో నిమిత్తం లేకుండానే రక్తంలో పెరగవచ్చు. కవిటి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వంటి ఉద్దానం మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో మీకు నేను చెప్పనక్కరలేదు. అది తొలి దశలో ఏ బాధా లేకుండానే ముదురుతుంది కూడా. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడకుండా ఈ ఖరీదైన పరీక్ష చేయిస్తే, లేని అల్జీమర్స్‌ను ఉన్నదనుకొని ఇంటిల్లిపాదీ కుమిలిపోయే ప్రమాదముంది.

కాబట్టి ముందుగా క్రియాటినిన్, విటమిన్ బి12, థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించండి. ఆ తరువాత ఊపిరితిత్తుల వైద్యునితో మాట్లాడి, రాత్రంతా ఆక్సిజన్‌ను నమోదు చేసే నిద్ర పరీక్ష చేయించండి, ఎందుకంటే పగలు వేలికి పెట్టే ఆక్సిమీటరు 94 చూపినా, సీఓపీడీతో పాటు గురక జబ్బు కూడా ఉన్నవారికి నిద్రలో ఆక్సిజన్ బాగా పడిపోవచ్చు. గంటకు 15 సార్లకు మించి ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతుంటే సాధారణంగా సీప్యాప్ యంత్రం (నిద్రలో మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గాలి దారిని తెరిచి ఉంచేది) సూచిస్తారు. దానితో పగటి మత్తు తగ్గి, కొందరికి ఏకాగ్రతా కుదుటపడుతుంది. మెలకువగా, విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా ఆక్సిజన్ 88 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉంటే రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ అవసరం కావచ్చు, కానీ ఎంత పెట్టాలో వైద్యుడే నిర్ణయించాలి. సీఓపీడీలో అతిగా ఆక్సిజన్ ఇస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకుపోతుంది. ఉదయం లేవగానే తలనొప్పి, మగత ఉంటే అది దానికి సూచన కావచ్చు, గమనించి వైద్యునికి చెప్పండి.

ఇవన్నీ సరిచేసిన కొన్ని నెలల తరువాత కూడా మతిమరుపు పెరుగుతుంటే, అప్పుడు నరాల వైద్యుని సలహాతో మీరడిగిన పరీక్ష సంగతి ఆలోచించవచ్చు. ఈలోగా, అమ్మకు సరిగా నిద్ర పట్టడం లేదని మందుల దుకాణంలో అడిగి నిద్రమాత్రలు మాత్రం ఇవ్వకండి. అవి ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయి.