ముందు భవిత కేంద్రంలో ఒక వారం కూర్చోనివ్వండి

ప్రశ్న: మా పాప తిరుపతిలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. మా చిన్నోడికి మాటలు సరిగా రావు. వాడితో ఆస్పత్రులు తిరిగి తిరిగి తను స్పెషల్ ఎడ్యుకేషనే చేస్తానంటోంది. ఎప్పటికైనా జిల్లాలో ఇలాంటి పిల్లల చదువు చూసే ఆఫీసర్ కావాలట. బంధువులేమో మామూలు బీఈడీ చేయించమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, రేణిగుంట

అమ్మా, పాప అడిగిందే చేయించండి. మామూలు బీఈడీ చేశాక ఇటు రావాలంటే మళ్లీ మొదటికొస్తుంది. ఇలాంటి కోర్సులకు గుర్తింపునిచ్చే కేంద్ర సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్, అంటే ఆర్‌సీఐ గుర్తింపున్న స్పెషల్ బీఈడీ రెండేళ్లు చదివి, అక్కడ పేరు నమోదు చేసుకుని నంబరు తెచ్చుకోవాలి. ఫీజు కట్టే ముందు ఆ కాలేజీకి, ఆ కోర్సుకు గుర్తింపు ఉందా అని ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో మీరే చూడండి. ఏజెంటు మాట మీద కట్టొద్దు.

ఉద్యోగాల గురించి మరీ టెన్షన్ వద్దు. ప్రాథమిక స్థాయిలో పదిమంది దివ్యాంగ పిల్లలకొకరు, ఆ పై తరగతుల్లో పదిహేను మందికొకరు స్పెషల్ టీచర్ ఉండాలని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. మన రాష్ట్రం 2025లో 2,260 పోస్టులు మంజూరు చేసింది. అవి దొరికేదాకా కాంట్రాక్టు పని చేయాల్సి రావచ్చు, జీతం తక్కువ. అది ముందే తెలిసి దిగాలి.

ఇక జిల్లా పదవి. ప్రభుత్వ బడుల పథకం సమగ్ర శిక్షలో సహిత విద్య, అంటే దివ్యాంగ పిల్లలకు మిగతా పిల్లలతో కలిపి చెప్పే చదువు చూసే కోఆర్డినేటర్‌ను ఎక్కువగా ప్రభుత్వ టీచర్లలోంచే డెప్యుటేషన్ మీద తీసుకుంటారు. కాబట్టి ముందు టీచర్ కావాలి, బడిలో కొన్నేళ్లు గడవాలి. ఆ ఏళ్లు వృథా కావు. బడికి రాలేని పిల్లవాడి ఇంటికెళ్లి పాఠం చెప్పడం, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కోసం తల్లితో పాటు క్యూలో నిలబడటం, ఫిజియోథెరపీ రోజున ఎవరు రాలేదో కనుక్కోవడం తెలియని వాళ్లు ఆ కుర్చీలో కూర్చుంటే ఫైళ్లు కదులుతాయి, పిల్లలు కదలరు.

పాపకు నేను మరీ మరీ చెప్పేది ఆరేళ్ల లోపు పిల్లల గురించి. భవిత కేంద్రమంటే దివ్యాంగ పిల్లలకు చదువు, థెరపీ అందించే సమగ్ర శిక్ష కేంద్రం. అలాంటి ఒక కేంద్రంలో ఏడేళ్ల బాబు నీళ్ల సీసా వైపు టీచర్ చెయ్యి లాగుతున్నాడు. ఆమె సీసా పైకెత్తి పట్టుకుని "నీ..." అని ఆగింది. చాలాసేపటికి వాడు "నీ" అన్నాడు. పక్కనున్న వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంటూ, "మూడేళ్లప్పుడే అంగన్‌వాడీ టీచర్ చూపించమంది సార్, వస్తాయిలే అనుకున్నాం" అంది. ఆ నాలుగేళ్లు వెనక్కి రావు. అంగన్‌వాడీకి, ఆస్పత్రికి, బడికి మధ్య పిల్లలు జారిపోకుండా పట్టుకునే మనిషే ఈ రంగానికి కావాలి. బీఈడీ తర్వాత ఎర్లీ ఇంటర్వెన్షన్‌లో, అంటే చిన్న వయసులోనే లోపం గుర్తించి సాయం అందించడంలో పీజీ డిప్లొమా చేస్తే ఆ పని బాగా ఒంటబడుతుంది. చెన్నై దగ్గర ముట్టుకాడులోని కేంద్ర సంస్థ ఇలాంటి కోర్సులు నడుపుతోంది, మీకు దూరం కాదు.

అప్లికేషన్ పెట్టకముందే పాపను మీ దగ్గరలోని భవిత కేంద్రానికి పంపండి. హెచ్‌ఎం అనుమతి అడిగి, వారం రోజులు ఊరికే కూర్చుని చూడమనండి.

చిన్నోడి వయసు మీరు రాయలేదు. మాటల కోసం ఇప్పటిదాకా ఎవరికీ చూపించకపోతే, ఈ వారమే జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌కు తీసుకెళ్లండి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను ఉచితంగా చూసే ప్రభుత్వ పథకం కింద నడిచేదే అది. పాపను కూడా వెంట రమ్మనండి.