ఆఖరి రోజు పరుగులు వద్దు

ప్రశ్న: మే నెలలో మావారు, నేను, తొమ్మిదేళ్ల మా పాప, మా అత్తయ్యగారు కలిసి ఆరు రోజులు రోమ్ వెళుతున్నాం. తిరుగు ఫ్లైట్ రాత్రి తొమ్మిదిన్నరకి, దోహాలో మారి హైదరాబాద్ రావాలి. హోటల్ గది మాత్రం పొద్దున పదకొండుకే ఖాళీ చేయాలి. ఇంత డబ్బు పోసి వెళ్లి ఆ రోజు ఊరికే కూర్చోవడమేంటి, వాటికన్ మ్యూజియం ఆ రోజే పెడదాం అంటున్నారు మావారు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. నాకు ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: వాటికన్‌ని ఆ రోజు నుంచి తీసేయండమ్మా. చూడొద్దని కాదు, మూడో రోజో నాలుగో రోజో పొద్దున్నే పెట్టుకోండి, ఆదివారం మాత్రం కాకుండా చూసుకోండి, నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసేస్తారు. అక్కడ అందరూ చూడాలని వెళ్లేది సిస్టీన్ చాపెల్ అనే ప్రార్థన మందిరం, 1508 నుంచి 1512 దాకా మైకెలాంజెలో పైకప్పంతా బొమ్మలు వేసిన చోటు. అది దారికి దాదాపు చివర్లో ఉంటుంది. హాలు తర్వాత హాలు జనంతో పాటు కదలాల్సిందే. రాత్రి ఫ్లైట్ పెట్టుకుని అక్కడికెళ్లడం, శంషాబాద్ వెళ్లే దారిలో గోల్కొండ పైదాకా ఎక్కొద్దాం అనుకోవడం లాంటిది.

నేను ఈ తప్పు చేశాను. మా అమ్మని తీసుకెళ్లినప్పుడు ఆఖరి రోజే పెట్టుకున్నాం. అమ్మ గోడకి చెయ్యి ఆనించుకుంటూ నడుస్తోంది, "ఇంకెంత దూరం?" అని రెండుసార్లు అడిగింది. తీరా చాపెల్‌లోకి వెళ్లాక ఆవిడ తల పైకెత్తి చూస్తుంటే నేను వాచీ చూసుకుంటూ భుజం తట్టి బయటికి తీసుకొచ్చేశాను. అది గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

ఆఖరి రోజు కొత్తదేదీ పెట్టుకోకండి. అప్పటికే చూసినవాటిలో ఎవరికి ఏది నచ్చిందో ముందురోజు రాత్రి భోజనాల దగ్గర అడగండి, వాటిలో దగ్గరదగ్గరగా ఉన్న రెండిటికి మళ్లీ వెళ్లండి. నన్నడిగితే పాంథియాన్ అంటాను, పాతకాలం రోమన్లు కట్టిన గుడి, తర్వాత చర్చి అయింది. 43 మీటర్ల వెడల్పున్న గుమ్మటం, దాని నడినెత్తిన దాదాపు 9 మీటర్ల గుండ్రటి రంధ్రం, దానికి అద్దం గిద్దం ఏమీ ఉండదు. వానొస్తే నీళ్లు లోపలే పడి నేలలో ఉన్న చిన్న చిన్న బొక్కల్లోంచి పోతాయి. పైనుంచి పడే ఎండ బిళ్ల గంట గంటకీ జరుగుతుంది కాబట్టి మొదటిసారి పొద్దున చూసుంటే ఈసారి మధ్యాహ్నం వెళ్లండి, వేరేగా కనిపిస్తుంది. ఇప్పటికీ అది చర్చే, లోపల బెంచీలున్నాయి, అత్తయ్యగారు హాయిగా కూర్చోవచ్చు. 2023 జులైలో 5 యూరోలతో టికెట్ మొదలుపెట్టారు, పిల్లలకి లేదు.

పాపకి ఇంకోటి చూపించండి. రోమ్ వీధుల్లో పోత ఇనుముతో చేసిన మంచినీళ్ల కుళాయిలుంటాయి, పొద్దస్తమానం పారుతూనే ఉంటాయి, ముక్కులా వంగి ఉంటాయని వాటిని నాసోని అంటారు, అంటే పెద్ద ముక్కులని అర్థం. ఆ గొట్టం పైభాగాన చిన్న రంధ్రం ఉంటుంది. కింద నీళ్లు పడేచోట వేలు అడ్డం పెడితే ఆ రంధ్రంలోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి, నోరు పెట్టి తాగొచ్చు. చల్లగా ఉంటాయి. సీసాలు నింపుకోండి, మే నెల ఎండకి పనికొస్తాయి.

పెట్టెలు హోటల్ వాళ్లకే అప్పజెప్పండి, సాయంత్రం దాకా ఉంచుతారేమో బుక్ చేసేటప్పుడే అడగండి. ఐదింటికల్లా బయల్దేరాలి. టెర్మిని స్టేషన్ నుంచి ఎయిర్‌పోర్ట్ ట్రైన్ 32 నిమిషాలే, కానీ ఆ ప్లాట్‌ఫారాలు ఓ చివరన ఉంటాయి, పెట్టెలు లాక్కుంటూ అంత దూరం నడవాలి. ఊరి నడిబొడ్డు నుంచి వెళ్లే తెల్ల టాక్సీలకి మనిషికింత అని కాకుండా బండికింత అని ఫిక్స్‌డ్ రేటు ఉంది. మీరు నలుగురు కదా, అదే ఎక్కండి, ఎక్కే ముందు ఆ ఫిక్స్‌డ్ రేటే కదా అని అడిగి ఖాయం చేసుకోండి. ఒకే షాపులో 70 యూరోలు దాటి కొనుంటే పన్ను వాపసుకి కాగితాలు తీసుకుని ఉంటారు, వస్తువులు చూపించమంటారు కాబట్టి పెట్టె చెకిన్ చేయకముందే ఆ కౌంటర్‌కి వెళ్లండి. ఆలివ్ నూనె, తేనె లాంటివి పెద్ద పెట్టెలోనే సర్దండి. మధ్యలో దిగిన ఎయిర్‌పోర్టులో మళ్లీ చెకింగ్ పెట్టి మా చేతిసంచీలోంచి లీటరు నూనె సీసా తీసేశారు.

ప్రశ్న: ట్రెవీ ఫౌంటెన్‌లో నాణెం వేస్తే మళ్లీ రోమ్ వస్తారంటారు కదా, ఆ డబ్బంతా ఎటు పోతుంది?
- ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: ఎప్పటికప్పుడు తీసి కారితాస్ అనే సేవాసంస్థకి ఇస్తారు, పేదవాళ్ల కోసం ఖర్చు పెడతారు. వేయండి, మంచిదే. వీపు ఫౌంటెన్ వైపు పెట్టి, కుడిచేత్తో ఎడమ భుజం మీదుగా వేయాలంటారు. ఇప్పుడు ఒకేసారి 400 మందిని మించి నీళ్ల దగ్గరికి వదలడం లేదు, అందుకని పొద్దున్నే వెళ్లండి. మిగిలిన చిల్లర ఇంటికి తెచ్చుకున్నా లాభం లేదు, ఎలాగూ మన మనీ చేంజర్లు నోట్లే తప్ప యూరో చిల్లర తీసుకోరు. కూకట్‌పల్లి అమ్మాయికి కూడా చెబుతున్నాను, నాలుగు నాణేలు విడిగా దాచిపెట్టుకో అమ్మా, మొదటిది అత్తయ్యగారి చేతికివ్వు.