విమ్‌ను ఏ ఆప్షన్లతో తెరవాలి? నేను రోజూ వాడేవి

విమ్ అంటే టెర్మినల్‌లో ఫైళ్లు తెరిచి మార్చుకునే ఎడిటర్. విమ్ అని కొట్టి ఫైల్ పేరిస్తే తెరుచుకుంటుంది కదా, మధ్యలో ఈ ప్లస్‌లూ మైనస్‌లూ దేనికి అని కొందరు అడిగారు. నేనూ చాలాకాలం అలాగే నెట్టుకొచ్చాను. అమీర్‌పేటలో కోర్సు చేసినప్పుడు సార్ జే కీతో కిందికి దిగడం నేర్పారు. 400వ లైన్‌కి వెళ్లాలన్నా జే మీద వేలు పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

తర్వాత మాదాపూర్‌లో నైట్ షిఫ్ట్ సపోర్ట్. ఒకరోజు రాత్రి రెండింటికి ఎవరో పోర్ట్ నంబర్ అడిగితే, చూసి చెబుదామని లైవ్ సర్వర్‌లో ఎంజినిక్స్ (వెబ్ సర్వర్ ప్రోగ్రామ్) కాన్ఫిగ్ ఫైల్ తెరిచాను. నిద్రమత్తులో, కర్సర్ ఉన్న అక్షరాన్ని చెరిపే ఎక్స్ కీ తగిలి 'లిసన్ 8080' చివరి సెమీకోలన్ ఎగిరిపోయింది. బయటికొచ్చేటప్పుడు అలవాటుగా డబ్ల్యూక్యూ కొట్టాను, అంటే సేవ్ కూడా అయింది. అప్పటికేం కాలేదు. నడుస్తున్న ఎంజినిక్స్ మొదట్లో చదువుకున్న కాన్ఫిగ్‌తోనే నడుస్తుంది. శనివారం రీస్టార్ట్ చేస్తే ఇక లేవలేదు.

ఎర్రర్‌లో 48వ లైన్ అని ఉంది. 'విమ్ +48' అని, పక్కన ఫైల్ పేరిచ్చి తెరిస్తే కర్సర్ నేరుగా అక్కడే ఆగింది. ఆ లైన్‌లో ఏ తప్పూ లేదు! తప్పు 47లో ఉంది. సెమీకోలన్ లేకపోతే ఎంజినిక్స్ కింది లైన్‌ని కూడా అందులో భాగమే అనుకుని చదువుకుంటూ పోయి, అక్కడ మొరపెడుతుంది. అందుకే చెప్పిన లైన్‌తో పాటు దాని పైలైన్ కూడా చూడండి. నంబర్ లేకుండా ఉత్త ప్లస్ ఇస్తే చివరి లైన్‌కి పోతుంది. ప్లస్, స్లాష్, ఒక పదం ఇస్తే ఆ పదం మొదట ఎక్కడుందో అక్కడికి.

ఆ రోజు మా సీనియర్ ఒకటే మాట అన్నాడు: "చూసెటందుకే అయితే క్యాపిటల్ ఆర్ పెట్టాలె బై." మైనస్ క్యాపిటల్ ఆర్ అంటే రీడ్ ఓన్లీ. పొరపాటున ఏదైనా మారిస్తే హెచ్చరిస్తుంది, డబ్ల్యూక్యూ కొడితే ఒప్పుకోదు. అయితే ఆశ్చర్యార్థకం జోడించి బలవంతం చేస్తే రాసేస్తుంది, అది గుర్తుంచుకోండి. అసలు మార్చనివ్వకూడదంటే మైనస్ క్యాపిటల్ ఎమ్. స్మాల్ ఆర్ పూర్తిగా వేరే సంగతి: కనెక్షన్ తెగిపోయినప్పుడు మిగిలిన స్వాప్ ఫైల్ (విమ్ దాచుకునే తాత్కాలిక ఫైల్) నుంచి పనిని వెనక్కి తెచ్చుకోవడానికి. రెండూ కలగాపులగం చేసి స్వాప్ ఫైల్ దొరకలేదన్న ఎర్రర్ చూసి నేను బెంబేలెత్తిన రోజులున్నాయి.

విమ్ వింతగా ప్రవర్తిస్తే --క్లీన్ ఇచ్చి తెరవండి. మీ సొంత సెట్టింగులూ ప్లగిన్లూ లేకుండా లేస్తుంది. అప్పుడు బాగుంటే గొడవ మీ సెట్టింగుల ఫైల్ విమ్ఆర్‌సీలోనో ప్లగిన్లలోనో ఉన్నట్టు. రెండు ఫైళ్లు పక్కపక్కన కావాలంటే మైనస్ క్యాపిటల్ ఓ, ఒకదాని కింద ఒకటి కావాలంటే స్మాల్ ఓ, తేడాలు చూడాలంటే స్మాల్ డీ.

జీబీల కొద్దీ ఉన్న లాగ్‌ని మాత్రం విమ్‌లో తెరవకండి, దానికి లెస్ అనే, ఫైల్ చూడ్డానికి వాడే కమాండ్ చాలు. మీ సర్వర్‌లో నానో అనే ఎడిటర్ ఒక్కటే ఉంటే, అక్కడా +48 ఇలాగే పనిచేస్తుంది. చూడ్డానికి మాత్రమే అయితే మైనస్ స్మాల్ వీ.