దుబాయ్ టికెట్ రేట్లు సెలవుల్లో మూడింతలవుతాయి కదా, రెండు ప్రభుత్వాలు మాట్లాడుకుని తగ్గించలేవా?

దుబాయ్‌లో పదకొండేళ్లు ఉద్యోగం చేశాను, ఈ బాధ నాకు బాగా తెలుసు. ఫిబ్రవరిలో 400 దిర్హమ్‌లకు దొరికే టికెట్, జూన్ ఆఖర్లో పిల్లల స్కూలుకు సెలవులిచ్చేసరికి 1,300 అయ్యేది. మేం నలుగురం. "దసరాకి వస్తాంలే అమ్మా" అని ఫోన్లో సర్దిచెప్పి, దసరాకీ వెళ్లని ఏళ్లున్నాయి.

పూర్వం ఐయాటా (ప్రపంచ ఎయిర్‌లైన్స్ సంఘం) సమావేశాల్లో ఎయిర్‌లైన్స్ రేట్లు అనుకునేవి, రెండు దేశాలూ ఒప్పుకుంటేనే అవి అమలయ్యేవి. ఇప్పుడు మన దగ్గర రేటు పెట్టుకునేది ఎయిర్‌లైన్సే. ప్రభుత్వాలు బేరమాడేది వారానికి ఎన్ని సీట్లు నడపొచ్చన్న దాని గురించి. సీట్లు చాలకపోతే సెలవుల రద్దీలో రేటు ఎక్కుతుంది. అసలు కిటుకు అక్కడుంది.

2014లో భారత్–దుబాయ్ సీట్ల కోటాను ఒక్కో వైపు ఎయిర్‌లైన్స్‌కి వారానికి 54,200 సీట్ల నుంచి 65,200కి పెంచారు. హైదరాబాద్‌కే కాదండోయ్, అన్ని ఊళ్లకూ కలిపి! ఆ తర్వాత దుబాయ్ ఇంకా కావాలని అడుగుతూనే ఉంది, మనవాళ్లు బిగబట్టారు. కారణం లేకపోలేదు. ఆ విమానాలెక్కే వాళ్లలో చాలామంది దుబాయ్‌లో దిగిపోరు, అక్కడ మారి లండన్‌కో న్యూయార్క్‌కో పోతారు. సీట్లిస్తే మన ఎయిర్‌లైన్స్ దూరప్రయాణాల బేరం పోతుందని భయం. 2016 విమానయాన విధానం కూడా పొరుగునున్న సార్క్ దేశాలకూ, ఢిల్లీకి 5,000 కిలోమీటర్లు దాటిన దేశాలకూ మాత్రమే తలుపులు బార్లా తీస్తామంది. దుబాయ్ సార్క్‌లో లేదు, ఆ 5,000 లోపలే ఉంది. వాదన సబబే కావచ్చు, కానీ దాని ఖర్చు పడేది ఏడాదికోసారి ఇంటికొచ్చే జగిత్యాల మేస్త్రీ మీద.

ఏ ఊళ్లో దిగాలో కూడా ఒప్పందంలోనే ఉంటుంది. దుబాయ్ వాళ్ల ఎయిర్‌లైన్స్ ఎమిరేట్స్ మన దేశంలో 9 ఊళ్లకు వస్తే, తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్ ఒక్కటే.

నాకు ఆలస్యంగా తెలిసిందేమిటంటే, షార్జా, అబుదాబిల కోటాలు దుబాయ్‌తో కలవవు, దేనికది వేరే ఒప్పందం. మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. 2022 అక్టోబర్ ఆఖర్లో షార్జా–గన్నవరం ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ మొదలయ్యాక శంషాబాద్ నుంచి రాత్రంతా చేసే బస్సు ప్రయాణం తప్పింది. మీరూ దుబాయ్ ఒక్కటే చూడకుండా ఆ రెండు ఎయిర్‌పోర్టుల రేట్లూ పక్కపక్కన పెట్టి చూడండి. షార్జాకి టాక్సీ డబ్బులు కలుపుకున్నా నాకు చాలాసార్లు మిగిలింది.