ముందు పాకలోకి వెళ్లు

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

ఏటికొప్పాకలో మీ తాతగారి ఇంటి మీద నువ్వు రాసిన తొమ్మిది పేజీలూ రెండుసార్లు చదివాను. గుమ్మం మీద చెక్కిన చిలకలు, దూలానికి వేలాడే ఉయ్యాల బల్ల, పెరట్లో నుయ్యి, అన్నీ ఉన్నాయి. ఆరో పేజీలో మాత్రం ఒక వాక్యం దగ్గర నాకు కోపమొచ్చింది. "ఇంటిని ఆనుకుని ఒక పాక ఉండేది, అందులో తాతయ్య బొమ్మలు చేసేవాడు." అంతే. మళ్లీ ఉయ్యాల దగ్గరికి వెళ్లిపోయావు.

ఎందుకమ్మా అంత తొందర? ఆ ఇంటికి తిండి పెట్టింది ఆ పాక. ఇల్లు ఎలా ఉండాలో చెప్పింది కూడా ఆ పాకే. అంకుడు కర్ర మెత్తనిది, పాలుకారే చెట్టు. పచ్చిగా ఉన్నప్పుడు బొమ్మ చేస్తే ఆరాక పగులుతుంది. ముందే నీడలో, గాలి తగిలేచోట బాగా ఆరాలి. అంత కర్రకి పాకలో చోటేదీ? ఇంటి అటక మీదికి ఎక్కించేవారు, చూరు కింద అరుగు మీద పేర్చేవారు. నువ్వేమో "బాటసారులకు నీడనిచ్చిన అరుగు" అన్నావు.

ముప్పై ఏళ్ల కిందట నేనూ అదే మాట రాశాను. పోర్టులో రాత్రి డ్యూటీ దిగి, ఆదివారం పొద్దున్నే తుని బస్సెక్కి అడ్డరోడ్డులో దిగేవాణ్ణి. నిద్ర లేదు, జేబులో తిరుగు చార్జీ తప్ప పైసా ఉండేది కాదు. ఏటికొప్పాకలో ఒక ముసలమ్మకి నా అరుగు పేరా చదివి వినిపించాను. "సుట్టాల కోసం కాదు బాబూ, కర్రారబెట్టుకోడానికి ఏసినారు. కర్ర లేనప్పుడు సుట్టాలు కూకునీవోరు" అంది. ఆ రాత్రే కాయితాలన్నీ చింపేశాను. మరుసటి ఆదివారం కొలతల టేపు పట్టుకుని వెళ్లాను.

కరెంటు రాకముందు ఒకరు తాడు లాగుతుంటే కర్ర గిర్రున తిరిగేది. ఇంకొకరు నేల మీద కూర్చుని ఉలి పట్టేవారు. తిరుగుతున్న కర్రకి రంగు లక్క ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. నేల మీద కూర్చున్న మనిషి కళ్లు సుమారు 2.5 అడుగుల ఎత్తులో ఉంటాయి. వెలుతురు ఆయన చేతుల మీద పడాలి. నేను చూసిన పాకలో కిటికీ అందుకే అంత కిందికి ఉంది. తాడు లాగే మనిషి మోచెయ్యి తగలకుండా వెనక గోడని జరిపి కట్టారు. ఆ జరుపు వల్లే ఇంటి వంటగది ఇరుకైంది. వంట చేసే ఆవిడ ఇబ్బంది పడిందంటే కారణం పక్క గదిలో తిరిగే కర్ర. ఇదీ కథ.

ఇవన్నీ కొలతలతో సహా రాసి పంపితే ఒక ఎడిటరుగారు కొలతలన్నీ కొట్టేశారు. "పాఠకులకి అడుగులూ అంగుళాలూ ఎందుకండీ, అనుభూతి కావాలి" అన్నారు. నేను కొలిచిన ఆ పాక ఇప్పుడు లేదు. కొలతలు అచ్చులోనూ లేవు. ఆ సంచిక చూస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఈ రోజుల్లో పాత గుమ్మాల ముందు పెళ్లి ఫొటోలు, రీల్సు. ఆ చిలకల్ని చెక్కిన చెయ్యి ఎవరిదని అడిగేవాళ్లు కనపడరు.

"గోడలు కన్నీరు పెడుతున్నాయి" అని కూడా రాశావు. అది చెమ్మ. సున్నపు గోడ నేలలోంచి పీల్చిన తడిని మెల్లగా బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తడి లోపలే ఉండిపోయి పెచ్చులూడుతుంది. మీ ఇంటికి సిమెంటు ఎప్పుడు పూశారో నాన్నగారిని అడుగు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చాక అయ్యుంటుందని నా అనుమానం. పెంకులు లేచిపోయినవాళ్లు ఆ భయంతో రేకులకీ సిమెంటుకీ మారడం నేను చూశాను. కన్నీరు అనేసరికి నువ్వు ఇంక కారణం వెతకలేదు.

తాతయ్య గోళ్లలో ఎర్రరంగు ఎంత కడిగినా పోయేది కాదని రాశావు చూడు, అక్కడ నా గుండె పట్టేసింది. ఆ వాక్యం పాకలోంచి వచ్చింది. తక్కినవి కూడా అక్కడే ఉన్నాయి.

2017లో ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. బొమ్మ పుట్టిన పాక గురించి ఎవరు రాస్తారు? ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది గానీ, మన బస్సు ఇప్పటికీ అడ్డరోడ్డులో ఆగుతుంది.

కలం పేరు గురించీ, ఏ పత్రికకి పంపాలనీ అడిగావు. ముందు ఈ పని కానీ. తాతయ్య కూర్చున్నచోట నేల అరిగి ఉంటుంది, అక్కడ కూర్చుని కిటికీ వైపు చూడు. గుమ్మం ఎత్తు, చూరు ఎత్తు, అరుగు వెడల్పు రాసుకో. నా 30 అడుగుల టేపు ఇంకా పనిచేస్తోంది. ఆదివారం ఇంట్లోనే ఉంటాను, వచ్చి పట్టుకెళ్లు.